పనిచోట నాయకత్వం: తన గొంతును తాను వినడం



పొట్ట చేతపట్టుకొని పరాయి నగరానికి వచ్చిన మనిషి అక్కడ ఎక్కే మొదటి మెట్టు చాలా సందర్భాల్లో మేస్త్రీ పనే. మేస్త్రీ అన్న మాట పోర్చుగీసు నుంచి తెలుగులోకి వచ్చింది. పనిలో ఆరితేరినవాడని దాని అర్థం. నేడు ఆ హోదాకు సూపర్‌వైజర్, టీమ్ లీడర్, లైన్ ఇన్‌చార్జి వంటి కొత్త పేర్లు ఏర్పడ్డాయి. బెంగళూరు దుస్తుల కర్మాగారంలోనైనా, షోలాపూర్ మగ్గాల షెడ్డులోనైనా, చెన్నై సాఫ్ట్‌వేర్ కార్యాలయంలోనైనా ఆ స్థానపు స్వభావం మాత్రం మారలేదు. పైన యజమాని, కింద పనివారు, నడుమ ఒక మనిషి. ఆ నడుమ మనిషి తనను తాను ఎంతవరకు ఎరిగి ఉన్నాడన్న దానిమీదే అతని కింద పనిచేసేవారి గౌరవమూ, కొన్నిచోట్ల ప్రాణమూ ఆధారపడి ఉంటాయి.

తెలుగువారి వలస చరిత్రలో ఈ స్థానానికి పెద్ద అధ్యాయమే ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివరిభాగంలోనూ, ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లోనూ గంజాం, విశాఖపట్నం, గోదావరి తీరాల నుంచి వేలాది కూలీలు ఓడలెక్కి రంగూనుకు వెళ్లారు. యానాం సమీపంలోని కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో వారిని కోరంగీలని పిలిచేవారు. రేవుల్లో, బియ్యపు మిల్లుల్లో పని చూపించినవాడు మేస్త్రీ. ఓడ ఖర్చుకు అడ్వాన్సు ఇచ్చినవాడూ అతడే. ఆ అప్పును కూలి నుంచి కోసుకున్నవాడూ అతడే. బొంబాయి నూలు మిల్లుల్లో ఇదే పాత్ర జాబర్‌ది. పనిలో పెట్టుకోవడం, తీసివేయడం అతని చేతిలో ఉండడంతో లంచం కూడా అతని చేతికే చేరేది. 1929లో నియమితమై 1931లో నివేదిక సమర్పించిన రాయల్ లేబర్ కమిషన్ ఆ అధికారాన్ని జాబర్ నుంచి తొలగించాలనీ, మిల్లుల్లో లేబర్ ఆఫీసర్లను నియమించాలనీ సూచించింది.

జాబర్లు ఎక్కువగా కార్మికుల్లోంచి పైకి వచ్చినవారే. మోసిన బరువూ, పడిన మాటా వారికి తెలియనివి కావు. అయినా మెట్టెక్కిన తరువాత ఆ జ్ఞాపకం వారి కింది వారికి రక్షణగా నిలవలేదు. "నేనూ ఇలాగే పైకి వచ్చాను" అన్న మాటకు రెండు దారులున్నాయి. "కనుక వీరిని ఆ బాధ పడనివ్వను" అన్నది ఒకటి. "నేను పడ్డాను, వీరు పడితే తప్పేమిటి" అన్నది రెండవది. తాను ఏ దారిన నడుస్తున్నాడో ఆ మనిషికి తరచు తెలియదు. దీపం కింద చీకటి అన్న సామెత ఇక్కడ సరిగ్గా అమరుతుంది.

ఆ చీకటిని అర్థం చేసుకోవడానికి 1955లో జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక బొమ్మ గీశారు. దానికి జోహారి కిటికీ అని పేరు. తెలుగు చెవికి జోహారులా వినిపించినా, అది వారి పేర్ల ముక్కలను కలిపి పెట్టిన పేరు. ఆ కిటికీకి నాలుగు గళ్లు. తనకూ ఇతరులకూ తెలిసినది మొదటి గడి. ఇతరులకు తెలిసి, తనకు తెలియనిది రెండవది. తనకు మాత్రమే తెలిసినది మూడవది. ఎవరికీ తెలియనిది నాలుగవది. నాయకునికి చేటు తెచ్చేది ప్రధానంగా రెండవ గడి. దాని తాళంచెవి అతని దగ్గర ఉండదు, అతని కింద పనిచేసేవారి దగ్గర ఉంటుంది. వారు భయపడినంత కాలం ఆ గడి తెరుచుకోదు.

వలస వచ్చినవారికి ఈ గడి మరింత పెద్దది. అందుకు కారణం భాష. తెలుగులో నువ్వు, మీరు ఉన్నట్లే కన్నడంలో నీను, నీవు. తమిళంలో నీ, నీంగళ్. మరాఠీలో తూ, తుమ్హీ. ఒడియాలో తు, తుమే, ఆపణ ఉన్నాయి. బడిలో కాక బస్సులో, బజారులో, పనిచోట భాష నేర్చినవానికి ముందుగా అబ్బేది ఏకవచనమే. సొంత ఊరిలో పొరుగింటి పెద్దాయనను "మీరు" అని తప్ప పలకరించనివాడు, బెంగళూరులో తండ్రి వయసున్న కార్మికుని "నీను" అని పిలుస్తూ, తాను చనువుగా మాట్లాడుతున్నానని భావించవచ్చు. వినేవానికి అది చనువు కాదు, చులకన. అలాగే, ఊరివాడితో తెలుగులో నవ్వుతూ, మిగిలినవారికి హిందీలో ఆజ్ఞలిచ్చే టీమ్ లీడర్ తనలో పక్షపాతం లేదని మనస్ఫూర్తిగా నమ్మవచ్చు. చుట్టూ ఉన్నవారు మాత్రం ప్రతిరోజూ లెక్క చూసుకుంటూనే ఉంటారు. వారు తిరగబడరు. చెడ్డ కబురు తెచ్చి చెప్పడం మానేస్తారు, అంతే.

ఆ మౌనం ప్రాణం తీసే చోటు కూడా ఉంది. ఒక దృశ్యాన్ని ఊహించవచ్చు. వీధిలో మ్యాన్‌హోల్ పొంగింది. పై నుంచి ఫోను మీద ఫోను. యంత్రం రావడానికి రెండు గంటలు పడుతుంది. మేస్త్రీ ఒక కార్మికుని వైపు చూసి, "ఒక్క నిమిషం పని, దిగు" అంటాడు. కార్మికునికి భయం ఉంది, కాని నోరు పెగలదు. మురుగు కాలువలో చేరే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు తక్కువ మోతాదులో కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. మోతాదు బాగా పెరిగితే ముక్కు ఆ వాసనను పట్టే శక్తినే కోల్పోతుంది. వాసన లేదు కనుక అపాయం లేదనుకున్నవాడు లోపలే కూలిపోతాడు; అతన్ని లాగబోయి దిగినవాడూ కూలిపోతాడు. అధికారం నాయకుని చెవి మీద చేసే పని కూడా ఇటువంటిదే. అది పెరిగేకొద్దీ అభ్యంతరాలు వినబడవు. వినబడలేదు కనుక అవి లేవని అతడు అనుకుంటాడు.

రక్షణ సామగ్రి, భద్రతా జాగ్రత్తలు లేకుండా మురుగు కాలువలోకి గాని, సెప్టిక్ ట్యాంకులోకి గాని శుభ్రపరచడానికి మనిషిని దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. మొదటి అపరాధానికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అటువంటి మరణాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో 30 లక్షల రూపాయలకు పెంచింది. అయితే శిక్షా, పరిహారమూ మరణం తరువాతి మాటలు. దానికి ముందు పనికొచ్చేది, "దిగను" అని కార్మికుడు నిర్భయంగా అనగలిగిన వాతావరణం.

ఈ సందర్భంలో స్మరించదగినవారు బెజవాడ విల్సన్. 1966లో కోలారు బంగారు గనుల పట్టణంలో తెలుగు కుటుంబంలో ఆయన జన్మించారు. ఇంటివారు చేసేది పారిశుధ్య పనే అయినా, ఆ సంగతిని చిన్నతనంలో ఆయనకు చెప్పకుండా దాచారు. యువకుడై ఆ పనిని కళ్లారా చూసినప్పుడు ఆయన కుంగిపోయారు. ఆ పని మానమని కోరితే, మానేస్తే బతుకెలా అన్న ప్రశ్న కార్మికుల నుంచి ఎదురైంది. సదుద్దేశంతో వెళ్లిన నాయకుడు ఆ ప్రశ్నకు అలిగి వెనుదిరగవచ్చు. అలా జరగలేదు. ఆయన నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్, పని మాన్పించడంతో పాటు పునరావాసాన్నీ కోరింది. 2003లో సుప్రీంకోర్టు తలుపు తట్టి 2014లో తీర్పు సాధించింది. 2016లో విల్సన్‌కు రామన్ మెగసెసే పురస్కారం లభించింది. తన పుట్టుకను దాచుకోకపోవడం, కింది నుంచి వచ్చిన ప్రశ్నను ధిక్కారంగా తీసుకోకపోవడం ఆ నాయకత్వానికి రెండు కాళ్లు.

అంత పెద్ద ఉద్యమం ప్రతివారికీ సాధ్యం కాదు. కాని ప్రతి పనిచోటా సాధ్యమయ్యే అలవాట్లు కొన్ని ఉన్నాయి. ఆజ్ఞ ఇచ్చిన తరువాత "అర్థమైందా?" అని అడగడం వృథా, అయిందనే సమాధానం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. చేయబోయే పనిని కార్మికుని నోటనే ఒకసారి చెప్పించుకుంటే, లోపం ఆజ్ఞలో ఉన్నదో, వినికిడిలో ఉన్నదో బయటపడుతుంది. పొరపాటు జరిగిందని వచ్చి చెప్పినవానికి మొదట దక్కవలసింది కృతజ్ఞత; విచారణ ఆ తరువాత. అపాయం తోచినప్పుడు పనిని ఆపే హక్కు అందరికన్నా చిన్న కార్మికునికీ ఉందని నలుగురి ముందు ప్రకటించాలి, ఆపిన రోజు కూలి కోయరాదు. ఇక తన గురించి తెలుసుకోవాలంటే "నేను ఎలాంటివాడిని?" అని అడిగితే పొగడ్త తప్ప మరేమీ దొరకదు. "ఈ వారం నా మాట వల్ల ఎవరి పనైనా కష్టమైందా?" అని అడిగితే నిజం దొరికే అవకాశం ఉంది. అడిగాక వాదించకుండా వినడం అన్నిటికన్నా కఠినమైన సాధన.

చేతి పనిలో ఆరితేరినందువల్ల మేస్త్రీ అన్న పేరు వస్తుంది. మనుషులతో పనిచేయించడంలో ఆరితేరాలంటే తన గొంతు ఎదుటివాని చెవిలో ఎలా పడుతున్నదో నేర్చుకోవాలి. ఏదో ఒక ఉదయం, జట్టులో అందరికన్నా చిన్నవాడు తలెత్తి "ఆగండి, ఇది ప్రమాదం" అన్ననాడు, మేస్త్రీ కోపగించకుండా ఆగగలిగితే, ఆ సాయంత్రం జట్టులో అందరూ ఇల్లు చేరుతారు.