అన్నప్రాశన నాటికి చూడవలసిన పరీక్ష
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన గోదావరి డెల్టాలో బోదకాలును, వరిబీజమును ఎరుగనివారు లేరు. అవి కంటికి కనబడును గనుక వానిని గూర్చి మాటలాడుదుము. మగబిడ్డకు వృషణము దిగకుండుట తేలికగా కంటబడని లోపము. తెలిసినను బిడియముచే దాచుదురు. ఆ మౌనమే బిడ్డకు హాని చేయును.

గర్భస్థ శిశువు కడుపులో ఏర్పడిన వృషణములు కాన్పునకు ముందు గజ్జల మీదుగా తిత్తిలోనికి దిగవలెను. నెలలు నిండి పుట్టిన మగశిశువులలో నూటికి సుమారు ముగ్గురికి ఒకటిగాని, రెండుగాని దిగియుండవు. నెలలు నిండక పుట్టినవారిలో ఈ లోపము మరింత హెచ్చు. పెక్కుమందికి తొలి మాసములలో వానంతట అవే దిగును. ఆరు మాసములు దాటిన పిదప దిగుట అరుదు. కావున అన్నప్రాశనయే మనకు గడువు.

వృషణము పెరుగుటకు శరీరపు వేడికంటె కొంత తక్కువ వేడి కావలెను. పైననే నిలిచిపోయినచో సంతానశక్తి తగ్గవచ్చును. పెద్దయిన పిదప కాన్సరు సోకు అవకాశము హెచ్చును.

దీనికి చికిత్స శస్త్రచికిత్సయే. పసరులు, మర్దనలు పనికిరావు. ఆరు మాసములు నిండిన పిదప, వీలయినంతవరకు ఏడాదిలోగా, ఆలస్యమైనను ఏడాదిన్నరలోగా చేయించవలెను. మత్తు ఇచ్చి, గజ్జవద్ద చిన్న కోత కోసి, వృషణమును తిత్తిలోనికి దింపి నిలుపుదురు. చాలమంది బిడ్డలు ఆనాడో, మరునాడో ఇంటికి పోవుదురు.

బిడ్డకు నీళ్ళు పోయు అమ్మమ్మ చేతికి రెండును తగులుచున్నవా యని అడిగించుడు. చలికి పైకి పోయి, వేడినీళ్ళకు దిగివచ్చునది సాధారణముగా రోగము కాదు. అయినను ఏటేట వైద్యునికి చూపుట మేలు. పుట్టిననాడే రెండును తగులనిచో గడువు చూడక వెంటనే వైద్యుని కడకు కొనిపోవలెను. దాని వెనుక ప్రాణాపాయకరమైన లోపము ఉండవచ్చును.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలలో పిల్లలను ఉచితముగా పరీక్షింతురు. టీకా దినమున నర్సుచే ఈ ఒక్క పరీక్షయు చేయించుడు. అనుమానమున్న బిడ్డను కాకినాడ సర్వజన ఆసుపత్రికో, రాజమహేంద్రవరము ప్రభుత్వ ఆసుపత్రికో పంపించుడు. దారిఖర్చు లేక ఆగిన కుటుంబమునకు తోడ్పడుడు.

పెండ్లినాటికి బయటపడిన లోపమునకు కాలము మించిపోవును. అన్నప్రాశన నాటికి తెలిసినచో మించదు.