నేను డిలీట్ చేసిన రిమార్క్స్ కాలమ్

ఈ రోజు కోడింగ్ గురించి కాదు, నేను చేసిన ఒక తప్పు గురించి మాట్లాడుకుందాం.

మాది అడ్డతీగల. మా అక్క నర్సు. ఎమ్మెస్సీ నర్సింగ్ ప్రాజెక్టు కోసం చుట్టుపక్కల కొండ ఊళ్ళలో గర్భిణుల ఇళ్ళకి తిరిగింది. తన ప్రశ్న ఒక్కటే. ఐరన్ మాత్రలు ఇంటికి అందుతున్నాయి కదా, మరి రక్తం ఎందుకు పెరగట్లేదు? ఆ ఎక్సెల్ షీటు నాకు పంపి, "ఒరేయ్, కాస్త గ్రాఫులు వేసి పెట్టరా" అంది.

నేను ఇంజనీర్ని కదా, ముందు డేటా క్లీనింగ్ మొదలెట్టా. చివర్లో రిమార్క్స్ అని ఒక కాలమ్ ఉంది. సగం ఖాళీ, మిగతా సగం పొడుగు పొడుగు వాక్యాలు. వీటికి గ్రాఫ్ ఎలా వేస్తాం? తీసి పారేశా. గ్రాఫులు మాత్రం సూపర్‌గా వచ్చాయి. అక్క చూసి ఒక్కటే మాట అంది: "బాగానే ఉంది గానీ, నేను మాట్లాడిన ఆడవాళ్ళు ఇందులో ఏరిరా?"

ఒరిజినల్ షీటు మళ్ళీ తెరిచి చదివా. ఒక ఇంట్లో అత్తగారు "మాత్రలు వచ్చాయమ్మా, వేసుకుంటోంది" అని చెప్పారు. షీట్లో 'అవును' అని పడింది. తర్వాత అక్క కోడలితో విడిగా మాట్లాడింది. "వేసుకుంటే బిడ్డ లావైపోతుంది, కాన్పు కష్టం అన్నారు. నాకూ వికారంగా ఉంటోంది. డబ్బాలో దాచేశాను" అంది ఆ అమ్మాయి. అప్పటికి ఎనిమిదో నెల. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కన్నా తగ్గితే రక్తహీనత, 7 కన్నా తగ్గితే తీవ్రం. ఆమెది తీవ్రమే. అక్క ఆ రోజే ఆస్పత్రికి పంపించింది, రక్తం ఎక్కించారు. తల్లీబిడ్డా క్షేమం. కానీ నా గ్రాఫులో ఆమె ఆకుపచ్చ రంగులో ఉంది! నా గ్రాఫునే నమ్ముకుని ఉంటే ఏమయ్యేది?

ఇక్కడ అసలు విషయానికొద్దాం. ఎంతమంది, ఎంత శాతం అని లెక్కపెట్టేది క్వాంటిటేటివ్ డేటా. ఎందుకు, ఎలా అని మాటల్లో వినేది క్వాలిటేటివ్ డేటా. రెండూ కలిపి చేస్తే మిక్స్‌డ్ మెథడ్స్ అంటారు. ఇది మూడు రకాలుగా చేయొచ్చు. ఒకటి, ముందు సర్వే చేసి, తేడాగా కనిపించిన అంకె వెనక కారణం కోసం మాట్లాడటం. రెండోది దీనికి రివర్స్: ముందు మాటలు విని, వాటి నుంచే సర్వే ప్రశ్నలు తయారు చేయడం. మూడోది, రెండూ ఒకేసారి సేకరించి పక్కపక్కన పెట్టి చూడటం.

ఫ్యామిలీ నర్సింగ్‌లో ఇది ఇంకా ముఖ్యం. ఎందుకంటే అక్కడ పేషెంట్ అంటే ఒక్క మనిషి కాదు, మొత్తం కుటుంబం. కెనడాలోని క్యాల్గరీలో లొరెయిన్ రైట్, మోరీన్ లీహీ 1984లో పుస్తకం రాసి చెప్పింది ఇదే: ఇంట్లో ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరి మాట చెల్లుతుంది, అది కూడా నర్సు చూడాలి. అత్త 'అవును' అంది, కోడలు 'కాదు' అంది. యావరేజ్ తీస్తే ఏం వస్తుంది? ఏమీ రాదు. ఆ తేడానే మనకి దొరికిన డేటా. మాత్రలు ఇంకో డబ్బా ఇస్తే సరిపోదు, అత్తగారితో కూడా కూర్చుని మాట్లాడాలి అని అదే చెబుతోంది. అయితే ఒక జాగ్రత్త. కోడలు నమ్మి చెప్పిన మాట అత్తగారి చెవిన పడకూడదు. ఊరు చిన్నది, పేరు తీసేసినా ఎవరో ఇట్టే తెలిసిపోతుంది.

పోనీ పెద్ద లెక్కలు చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత. ఈ అంకె చాలా అవసరం. అది లేకపోతే సమస్య ఎంత పెద్దదో తెలియదు. కానీ అప్పుడు మన అడ్డతీగల తూర్పు గోదావరి జిల్లాలో ఉంది. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. అంటే ఆ సర్వే జిల్లా లెక్కలో కోనసీమ కొబ్బరి తోటలు, మన కొండరెడ్ల ఊళ్ళు ఒకే వరుసలో కలిసిపోయాయి. ఏది ఎవరిదో ఆ అంకె చెప్పలేదు.

నేనిప్పుడు ఏం చేశానంటే, మూడు గడుల టేబుల్ పెట్టా. మొదటి గడిలో అంకె, రెండో గడిలో వాళ్ళ మాట, మూడో గడిలో రెండూ కలిపితే ఏం చేయాలి అన్నది. మూడోది నింపడం మాత్రం అక్క పని. అది నాకు చేతకాదు.

మీరు కాలేజీ ప్రాజెక్టుకి సర్వే చేస్తుంటే, గూగుల్ ఫామ్‌తో ఆపేయకండి. ఓ నలుగురితో కూర్చుని మాట్లాడండి. అలాగే మీ ఇంటికి ఆశా కార్యకర్త వస్తే, "మాత్రలు వేసుకుంటున్నావా?" అన్న ప్రశ్నకి మీ వదిననో అక్కనో సొంతంగా జవాబు చెప్పనివ్వండి. వాళ్ళ తరఫున మీరు చెప్పేయకండి.

సరే ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.