చంద్రగిరి: ఒక రాజధాని కథ



గ్రంథాలయమునకు వచ్చు పాఠకులు యాత్రాగ్రంథములను మిక్కిలి ప్రీతితో చదువుదురు. లండన్ నగరమున థేమ్స్ నది యొడ్డున నున్న టవరు కోట, సెంట్ పాల్ దేవాలయము, పార్లమెంటు గడియారపు గోపురము, ఇవి యెన్నడును చూడని వారికి సైతము కన్నులకు కట్టినట్లుండును. మంచిదే. కాని తిరుపతికి పడమటి దిక్కున సుమారు 12 కిలోమీటర్ల దూరమున ఒక సామ్రాజ్యమునకు రాజధానియైన ఊరున్నది. పాకాల రైలులో ఆ ఊరి మీదుగా పలుమార్లు పోయియు, కోటగుమ్మము దాటి లోనికి పోనివారు ఎందరో కలరు!

చంద్రగిరి దుర్గమును క్రీ. శ. 1000 ప్రాంతమున ఇమ్మడి నరసింహ యాదవరాయడు కట్టించెనని పరంపరగా చెప్పుదురు. చోటు చూచినచో, అచ్చట కోట కట్టవలెనను తలంపు ఎందుకు కలిగెనో ఎవరికిని చెప్పనక్కరలేదు. వెనుక సుమారు 600 అడుగుల రాతిగుట్ట, చేరువను స్వర్ణముఖి, ఉత్తరమున శేషాచలము, శ్రీనివాసమంగాపురము చెంతనుండి తిరుమలకు మెట్లదారి. శత్రువునకు అందని కొండ, త్రాగుటకు నీరు, కొలుచుటకు దైవము మూడును ఒక్కచోట అమరినవి. సాళువ నరసింహుడు ఈ దుర్గమునుండియే బలపడి, 1485లో విజయనగర సింహాసనము నధిష్ఠించెను. 1529లో రాజైన అచ్యుతదేవరాయడు అంతవరకు ఈ కోటలోనే కాపుదలలో నుండెను. రాజు కాదగిన వానిని దాచుటకును, రాజై లేచుటకును ఈ కోట తగియుండెను.

1565లో రాక్షసి తంగడి యుద్ధమున విజయనగరము కూలెను. రాజ్యము పెనుగొండకు తరలెను. అచ్చటను నెమ్మది దొరకలేదు. 1586లో రాజైన వేంకటపతి దేవరాయలు 1592 ప్రాంతమున రాజధానిని చంద్రగిరికి మార్చెను. 1604 ప్రాంతమున వేలూరికి తరలువరకు సామ్రాజ్యమునకు ఇదియే తల. ఈ వేంకటపతి వేంకటేశ్వరస్వామి యందు ఎంతటి భక్తుడనగా, అతని బంగారు నాణెముపై ఒక ప్రక్క స్వామి మూర్తియు, రెండవ ప్రక్క శ్రీ వేంకటేశ్వరాయ నమః అను నాగరాక్షరములును ఉండెను. రాజు బొమ్మ లేదు! ఆయన లోహప్రతిమ నేటికిని తిరుమల దేవాలయమున చేతులు జోడించి నిలిచియున్నది. తిరుమలలో నైవేద్యపు గంట మ్రోగగా, ఆ ధ్వని గంటామండపము నుండి గంటామండపమునకు అంది చంద్రగిరి చేరిన పిమ్మట గాని రాజు భోజనమునకు కూర్చుండెడివాడు కాడని పెద్దలు చెప్పు కథ కలదు. కథయే కావచ్చును, కాని ఆ రాజునకు తగిన కథ.

కోటలోనికి నడువుడు. కందకము దాటి, పెద్ద పెద్ద రాళ్లు పేర్చిన గోడలోని ద్వారము దాటినచో దిగువ కోట. అందులో శిథిలములైన ఎనిమిది శైవ, వైష్ణవ దేవాలయములును, నీటిపట్టులును కలవు. అన్నిటికిని మిన్నయై రాజమహలు నిలిచియున్నది. మూడంతస్తుల మేడ. క్రింది భాగమున వరుసవరుసలుగా కొనదేలిన కమానులు. ఇవి తురుష్క శిల్పపు పోకడ. తల యెత్తి చూచినచో, దేవాలయ విమానములవంటి శిఖరములు. తమ రాజధానిని కూల్చిన సుల్తానుల దేశపు కమానును ఈ రాజులు విడనాడలేదు. దానిపై తమ గోపురము నిలిపిరి. హంపిలోని కమలమహలునందును ఇట్టి కలయికయే కానవచ్చును. ఈ మేడకు ముఖ్యముగా గమనింపవలసిన దింకొకటి కలదు. రాయి, ఇటుక, సున్నము తప్ప కట్టడమున కొయ్య వాడలేదు. మధ్యనున్న దర్బారు శాల రెండంతస్తుల ఎత్తున లేచును. దాని భారమంతయు కమానులే మోయుచున్నవి. 1666లో లండన్ నగరము నాలుగు దినములు తగులబడి, పదమూడు వేల యిండ్లకు పైగా బూడిదయగుటకు అచ్చటి కొయ్య యిండ్లు ఒక ముఖ్య కారణము. రాజమహలు మాత్రము ఇన్ని దాడులు చూచియు నిలిచినది.

దాని చెంతనే రెండంతస్తుల రాణీమహలు కలదు. అది చిన్నది, శిల్పమునను రాజమహలుకు సరిగాదు. కొండపై ఎగువకోట శిథిలములున్నవి. ఎక్కుట ప్రయాసయే గాని, క్రిందనున్న ఊరు, పొలములు, ఏరు ఒక్కచూపులో కానవచ్చును.

రాజధాని యనగా రాజు మేడ యొక్కటియే కాదు. గుర్రముల వారు, సున్నము నూరినవారు, రాళ్లు మోసినవారు, అంగళ్లవారు, అర్చకులు మెలగిన నేల అది. 1598లో జెసూటు మతగురువులు వేంకటపతి కొలువునకు వచ్చిరి. రాజు వారిని ఆదరించెను. వేంకటాచలపతి భక్తుడు పరమతస్థులకు తన రాజధానిలో తావిచ్చుట చిన్న విషయము కాదు. ఆ కాలముననే, 1600 డిసెంబరు 31న, లండనులో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి రాణి ఎలిజబెత్తు పట్టా నిచ్చెను. అప్పటికి ఆ వర్తకులకు ఈ తీరమున జానెడు నేల లేదు.

ఆ నేల 1639లో దొరకెను. దామెర్ల వేంకటప్ప నాయకుడు మద్రాసు పట్టణపు చోటును ఫ్రాన్సిస్ డే అను కంపెనీ యుద్యోగికి ఇచ్చెను. నాయకుని తండ్రి చెన్నప్ప పేరనే చెన్నపట్టణము వెలసినది. ఈ దానపత్రము చంద్రగిరి రాజమహలులోనే వ్రాయబడెనని జనులు గట్టిగా చెప్పుదురు. చోటిచ్చినవాడు నాయకుడు, అతడు చంద్రగిరి ప్రభువునకు లోబడినవాడు, 1645లో మూడవ శ్రీరంగరాయలు మరల పత్రమిచ్చెను. ఇంతవరకు చరిత్ర. ఏ గదిలో సంతకము జరిగెనను మాటకంటె, కూలుచున్న రాజ్యము తన తీరమున కోట కట్టుకొను హక్కును పరదేశి వర్తకునికి ఏల యిచ్చెనను మాట విలువైనది. నాయకులకు వర్తకమువలన రాబడియు, మంచి గుర్రములును కావలెను. రాజునకు నాయకులపై పట్టు సడలినది.

ఏడేండ్లకే, 1646లో, గోల్కొండ సేనలు చంద్రగిరిని పట్టుకొనెను. పిదప దుర్గము ఆర్కాటు నవాబుల చేతికి వచ్చెను; 1782లో హైదరాలీ వశమై, 1792 శ్రీరంగపట్టణపు సంధితో కంపెనీకి దక్కెను. జానెడు నేల నడిగినవారు నూటయేబది మూడేండ్లకు ఆ నేల నిచ్చిన ప్రభువుల కోటకే యజమానులైరి.

నేడు రాజమహలులో పురావస్తుశాఖవారి ప్రదర్శనశాల కలదు. గుడిమల్లము, గండికోట మొదలగు చోట్ల దొరకిన శిల్పములనుకూడ అందుంచిరి. ఇట్టి రక్షిత కట్టడములను చెరచువారికి 1958 నాటి చట్టము శిక్ష విధించును. అయినను గోడలపై బొగ్గుతోను, మేకుతోను తమ పేర్లు గీయువారు లేకపోలేదు. అట్టివారిలో చదువుకొన్నవారే యెక్కువ, ఏలయన చదువురానివాడు గీయలేడు గదా! పొలములో చెక్కడపు రాయి, అక్షరముల రాయి బయటపడినచో దానిని గట్టుకో గడపకో వాడక, ఉన్నచోటనే యుంచి తహసీలుదారునకు తెలుపుడు. ఆ రాతిపై ఏ కాపు పేరున్నదో, ఏ చెరువు లెక్కయున్నదో చదువగలవారు చదివి చెప్పుదురు.