వ్యర్థ ప్లాస్టిక్కునుండి ఇంధన తైలము



నెల్లిమర్ల అనగానే ఉత్తరాంధ్రమువారికి ముందుగా జ్ఞప్తికి వచ్చునది జూటుమిల్లు. విజయనగరమునకు కొద్ది దూరములో, చంపావతి నది చెంత నున్న ఈ ఊరికి గోనెసంచియే పేరు తెచ్చినది. ఈ ప్రాంతపు మెట్టభూములలో పండిన గోగునారను విదేశీ వర్తకులు 'బిమ్లి జూటు' అని పిలిచెడివారు. భీమునిపట్నపు రేవు పేరు దాని కట్లు అంటుకొన్నది. గోగుకట్టలను చెరువునీటిలో నానవేసి, నార ఒలిచి, ఆరబెట్టి అమ్ముకొని బ్రతికిన కుటుంబములు ఇక్కడ ఎన్నియో కలవు. ధాన్యము మోసిన గోనెసంచి చిరిగినచో కుట్టుకొందుము. మరింత పాతబడినచో గుమ్మములో పరచుకొందుము. చివరకు పెంటకుప్పపై వేసినచో అది మట్టిలో కలిసిపోవును.

ఇటీవల ఆ ఊరి బజారులో నడచుచు ఒక పాతసామానుల కొట్టు ముందు ఆగితిని. గోనెసంచి యొకటియు కనబడలేదు. ఎరువుల సంచులు, సిమెంటు సంచులు, పాలప్యాకెట్లు, పగిలిన బకెట్లు, అరిగిన టైర్లు గుట్టలుగా పడియున్నవి. నేను రేడియోలో పనిచేయుదునని తెలిసికొని ఆ వర్తకుడు నన్ను ఇట్లడిగెను: "ఈ సంచులు మరిగిస్తే డీజిలు వస్తాదంట గదా బాబూ, నిజమేనేటి? ఒకాయన మిషను పెడదావని తిరుగుతన్నాడు. నన్ను కూడా డబ్బెట్టమంటన్నాడు. ఎట్టమంటారా, వొద్దంటారా?" తెలిసికొని చెప్పెదనని మాట యిచ్చి వచ్చితిని. ఈనాటి ప్రసంగము ఆయన ప్రశ్నకు సమాధానము.

మొదటి ప్రశ్నకు సమాధానము సులభము. నిజమే, వచ్చును. ఇందు మాయ ఏమియు లేదు. పాలిథిన్ అను పదార్థమును 1933లో ఇంగ్లండులోని రసాయన శాస్త్రజ్ఞులు యాదృచ్ఛికముగా కనుగొనిరి. దానిలో నున్నవి కర్బనము, ఉదజని అను రెండే మూలకములు. పెట్రోలు, డీజిలులందు ముఖ్యముగా నున్నవియు అవియే. భేదమంతయు పొడవులో నున్నది. డీజిలు అణువులో సుమారు పది మొదలు ఇరువది వరకు కర్బన పరమాణువులు వరుసగా నుండును. పాలిథిన్ అణువులో అవి వేలకొలది యుండును. నార పురిపెట్టి పొడవైన త్రాడు పేనినట్లే, చిన్న అణువులను చేర్చి ప్లాస్టిక్కును తయారుచేసిరి. ఆ త్రాటిని తిరిగి చిన్నముక్కలుగా నరికినచో నూనె వచ్చును. ఈ నరుకుటకు కత్తి వేడిమియే.

ప్లాస్టిక్కును గాలిలో కాల్చినచో పొగయు, బూడిదయు మిగులును. గాలి చొరని ఉక్కుపాత్రలో నుంచి 400 మొదలు 500 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడిచేసినచో అది మండదు, విడిపోయి ఆవిరియగును. మన పల్లెలలో కట్టెలపై మట్టి కప్పి బొగ్గు కాల్చుటలోని సూత్రమును ఇట్టిదే. ఆ ఆవిరిని గొట్టములగుండ నడపి చల్లార్చినచో అందులో చాలభాగము ద్రవమగును. చల్లారినను ద్రవము కాని వాయువును వృథాపుచ్చక, పాత్రను వేడిచేయుటకే వాడుకొందురు. అడుగున నల్లని మడ్డి మిగులును. దీనిని పైరాలసిస్ అందురు.

మన దేశమున ఈ పని ప్రయోగశాల దాటి బయటకు వచ్చినది. డెహరాడూనులోని భారతీయ పెట్రోలియం సంస్థలో, గెయిల్ కంపెనీ సహకారముతో, దినమునకు ఒక టన్ను ప్లాస్టిక్కును డీజిలుగా మార్చు యంత్రాగారమును 2019లో ప్రారంభించిరి. టన్నుకు సుమారు 800 లీటర్లు దాని లక్ష్యము. ఆ సంవత్సరముననే హైదరాబాదులో ఒక మెకానికల్ ఇంజనీరు 500 కిలోల ప్లాస్టిక్కునుండి 400 లీటర్ల ఇంధనము తీయుచున్నట్లు వార్తలు వెలువడినవి. రెండు లెక్కలును కిలోకు ముప్పాతిక లీటరు పైచిలుకే చెప్పుచున్నవి. అంతకు మించి చాల ఎక్కువ వచ్చునని చెప్పువాని మాటను నమ్మరాదు.

అయితే ఏ ప్లాస్టిక్కును వేసినను నూనె వచ్చునా? రాదు. చిక్కంతయు ఇక్కడనే యున్నది. పాలప్యాకెట్టు, చేతిసంచి, బకెట్టు, ఎరువుల సంచి - ఇవి పాలిథిన్, పాలిప్రొపిలీన్ జాతికి చెందినవి. ఇవి మంచి నూనె నిచ్చును. మంచినీళ్ల సీసా వేరొక జాతి. దాని అణువులో ప్రాణవాయువు కూడ నుండుటచేత నూనెకు బదులు ఆమ్లపు పొడి ఏర్పడి గొట్టములలో పేరుకొని దారి మూయును. ఆ సీసాను కరగించి దారము తీయుట మేలు. దానికి గిరాకియు కలదు. నీటి గొట్టములు, ఎన్నికల వేళ వీధులకు కట్టు ఫ్లెక్సీలు పి.వి.సి.తో చేసినవి. శుద్ధమైన పి.వి.సి. బరువులో సగమునకు పైగా, అనగా నూటికి 57 పాళ్లు, క్లోరిన్. వేడి తగులగానే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వెలువడి ఉక్కును తినివేయును. పనివాని ఊపిరితిత్తులను కూడ విడువదు. గుట్టలో ఒక ఫ్లెక్సీముక్క దాగియున్నను నూనె చెడును. కావున ఈ పరిశ్రమకు ప్రాణము కొలిమిలో లేదు, ఏరివేతలో నున్నది.

ఇక రబ్బరు మాట. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్ ఇయర్ రబ్బరును గంధకముతో కలిపి కాచిన గట్టిపడునని కనుగొనెను. ప్లాస్టిక్కు త్రాళ్ల మోపు వంటిదైనచో గంధకము పట్టిన రబ్బరు వల వంటిది. త్రాటికిని త్రాటికిని నడుమ గంధకము ముడివేసినది. అందుచేతనే పాత టైరును కరగించి తిరిగి పోతపోయుటకు వీలులేదు. వేడితో విడగొట్టినచో నూటికి సుమారు 40 పాళ్లు నూనె, 30 పాళ్లకు పైగా నల్లపొడి వచ్చును. తక్కినది ఉక్కుతీగ, వాయువు. కాని ముడివేసిన గంధకము ఎక్కడకును పోదు. అందు కొంత నూనెలో చేరును. టైరునూనెలో అది నూటికి ఒక పాలు వరకు నుండుట కలదు. 2020 ఏప్రిలు ఒకటవ తేదీ నుండి మన దేశమున వాహనములకు అమ్ము డీజిలులో గంధకము పది లక్షల పాళ్లకు 10 పాళ్లు మించరాదని నియమము. అనగా టైరునూనెలో నియమమునకు వేయిరెట్లు గంధకము ఉండవచ్చును. అది బాయిలరు క్రింద, కొలిమిలో, తగిన అనుమతితోను పొగను శుద్ధిచేయు సాధనములతోను మండించుటకు పనికివచ్చునేగాని, ట్రాక్టరులో పోయుటకు పనికిరాదు. ప్లాస్టిక్కునూనెయైనను శుద్ధిచేయక యింజనులో పోసినచో జిగురు పట్టి యింజను పాడగును.

ఇప్పుడు ఆ వర్తకుని రెండవ ప్రశ్న: డబ్బు పెట్టవచ్చునా? ఊహకు ఇరువది వేల జనాభా గల పట్టణమును తీసికొందము. మనిషికి దినమునకు 20 గ్రాముల ప్లాస్టిక్కు చెత్త అనుకొన్నను మొత్తము 400 కిలోలు. అందు సీసాలు, పి.వి.సి., మట్టి, తడి తీసివేయగా సగము మిగిలినదనుకొందము. 200 కిలోలకు వచ్చు నూనె 160 లీటర్లు. ఒక టన్ను యంత్రమునకు ఇట్టి పట్టణములు అయిదు కావలెను. ఒక్క ఊరి చెత్తను నమ్ముకొని యంత్రము పెట్టినవాడు కొలది దినములలో సరకు చాలక, దొరకిన దానినెల్ల, ఫ్లెక్సీలతో సహా, పాత్రలో వేయును. లేదా చౌకగా దొరకు టైర్లకు దిగును. ఊరిపైకి నల్లపొడియు, దుర్గంధమును అప్పుడే వచ్చును. వేడి చల్లారకముందే పాత్ర మూత తెరచినచో గాలి సోకి ఆవిరి భగ్గుమనును. కాలిపోవువాడు పెట్టుబడి పెట్టినవాడు కాదు, దినకూలి. నూనె తీయుటకై విదేశములనుండి పాత టైర్లు దిగుమతి చేసికొనుటను కేంద్రప్రభుత్వము 2022లో నిషేధించినది.

కావున యంత్రము పెట్టెదనని వచ్చిన వ్యక్తిని నాలుగు సంగతులు అడుగవలెను. కాలుష్య నియంత్రణ మండలినుండి స్థాపనకొకటి, నడుపుట కొకటి, రెండు అనుమతులును కలవా? సరకు ఏ యే ఊళ్లనుండి, ఎవరు ఏరి యిత్తురు? నూనెను కొను కర్మాగారము ఏది, వ్రాతపూర్వకమైన ఒప్పందము కలదా? నల్లపొడిని ఎక్కడకు పంపుదురు? ఈ నాలుగింటికి కాగితముపై సమాధానము లేనిచో, ఆ డబ్బు పెట్టెలోనే యుండుట మేలు.

నెల్లిమర్లకు ఈ విద్యతో పనిలేదని దీని భావము కాదు. విజయనగరము, గజపతినగరము, చీపురుపల్లి, బొబ్బిలి వంటి ఊళ్లు కలిసి ఒకే చోట నియమబద్ధమైన కర్మాగారమునకు సరకు పంపగలిగినచో లెక్క కుదురును. విశాఖపట్నమున 1957 నుండి చమురుశుద్ధి కర్మాగారము నడచుచున్నది. ఇతర దేశములలో ప్లాస్టిక్కునూనెను అట్టి కర్మాగారములకు పంపి ముడిచమురుతోపాటు శుద్ధిచేయించుటయు కలదు. అప్పుడు మన వర్తకునికి పెట్టుబడిదారుని పాత్ర అక్కరలేదు. ఏ సంచి ఏ జాతిదో చేతితో తడిమి చెప్పగల నేర్పు ఆయనకు ముందే యున్నది. ఆ నేర్పుకు ధర కట్టించుకొనుట ఆయనకు న్యాయమైన లాభము. ఇంటింట చెత్త ఎత్తు పారిశుద్ధ్య కార్మికులకును అందులో భాగముండవలెను.

అయినను ఒక మాట మరువరాదు. ప్లాస్టిక్కు పుట్టినది భూగర్భపు చమురునుండి. దాని నూనెను మండించినను బొగ్గుపులుసు వాయువు ఆకాశమునకు పోవును. చెత్తనంతయు నూనె చేయుదుమని ధైర్యపడి మరింత ప్లాస్టిక్కు కొనుట అప్పు తీర్చుటకు అప్పు చేయుట వంటిది. మళ్లీ వాడదగినది వాడి, కరగించదగినది కరగించి, ఏ పనికిని రానిదే ఈ పాత్రకు పంపవలెను. ధాన్యమునకు గోనెసంచిని నిలుపుటకు 1987లో పార్లమెంటు చట్టమే చేయవలసివచ్చెను. రామతీర్థము తిరునాళ్లకు పోవునపుడు చేత గుడ్డసంచి పట్టుకొనుటకు మనకు చట్టము అవసరమా? మనము విసరివేసిన పలుచని సంచి చంపావతిలో పడి, కోనాడవద్ద సముద్రమున కలియును. అక్కడ దానిని ఏరి తెచ్చి నూనె తీయువాడు లేడు.

ఆ వర్తకుడు ఈ మాటలు వినుచున్నచో ఆయనకు నా మనవి ఇంతే: అయ్యా, నూనె వచ్చుట నిజము. యంత్రము కొనుటకు మాత్రము తొందరపడకుడు. ముందు మీ కొట్టులోని గుట్టను మూడు గుట్టలు చేయుడు - నూనెకు పనికివచ్చునవి ఒకటి, సీసాలు ఒకటి, పి.వి.సి. ఒకటి. ఆరు నెలలు ఏ గుట్ట ఎంత పెరిగినదో తూచి వ్రాసియుంచుడు. యంత్రము అమ్మవచ్చిన వానికి ఆ పుస్తకము చూపినచో, ఈ బేరము నిలుచునో నిలువదో ఆయనకంటె ముందు మీకే తెలియును.