తొడకి వేసిన సూది: తల్లికి తెలియాలి, విద్యార్థినికి తోడుండాలి

(ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రసవం అనగానే మనం అనవసరపు ఆపరేషన్ల గురించి, లంచాల గురించి, లేబర్ రూములో తిట్ల గురించి మాట్లాడతాం. బిడ్డ పుట్టాక గడిచే మొదటిరోజును అంతగా పట్టించుకోం. ఆ రోజున సూది పట్టుకుని నిలబడే నర్సింగ్ విద్యార్థిని గురించి ఇవాళ చెప్పదలుచుకున్నాను.

పరిశోధన కోసం ఒక ఆసుపత్రి ప్రసూతి వార్డులో కొంతకాలం గడిపాను. పుట్టిన బిడ్డకు తొడ కండరంలో 1 మిల్లీగ్రాము విటమిన్ కె ఇస్తారు. బరువు 1000 గ్రాముల లోపుంటే అందులో సగం. 24 గంటల్లోపు హెపటైటిస్ బి టీకా, రెండు పోలియో చుక్కలు, ఎడమ భుజానికి బి.సి.జి. ఇవన్నీ మామూలు మందులే. సరైన బిడ్డకు, సరైన మందు, సరైన మోతాదులో, సరైన మార్గంలో, సరైన సమయానికి ఇవ్వాలని విద్యార్థినులు వల్లె వేస్తారు.

ఒకరోజు వార్డులో ఇద్దరు లక్ష్మిలున్నారు. బిడ్డ పట్టీ మీద రాసేది తల్లి పేరే, ‘బేబీ ఆఫ్ లక్ష్మి’ అని. ఒక పట్టీ ఊడిపోయింది. స్టాఫ్ నర్సు ఇంకో ప్రసవం దగ్గరుంది. పందొమ్మిదేళ్ల విద్యార్థిని సిరంజితో ఆగిపోయింది. ‘ఇంకా ఎంతసేపు?’ అని వెనకనుంచి కేక. ఆమె సిరంజి ట్రేలో పెట్టేసి తల్లి దగ్గరికి వెళ్లింది.

‘అక్కా, పాపకు సూది వేశారా?’

‘వేశారు సిస్టర్, పొద్దున్నే, తొడకి. ఎందుకో ఎవరూ చెప్పలేదు.’

తల్లిని అడగకపోతే ఒక బిడ్డకు రెండుసార్లు పడేది, రెండో బిడ్డకు అసలు పడేది కాదు. అయినా ఆలస్యం చేసిందని చివాట్లు తిన్నది ఆ అమ్మాయే.

ఎందుకో చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. విటమిన్ కె గర్భంలో బిడ్డకు చాలా తక్కువ అందుతుంది, తల్లిపాలలోనూ తక్కువే. అది తల్లి లోపం కాదు, పాలు మానాల్సిన పనీ లేదు. కానీ ఆ సూది పడకపోతే కొందరు బిడ్డల్లో రక్తం గడ్డకట్టక బొడ్డు నుంచి, పేగుల్లో, కొన్ని వారాల తర్వాత మెదడులో కూడా రక్తస్రావం కావచ్చు.

ఇంకో ప్రమాదముంది. తల్లికి రక్తస్రావం ఆపడానికి వాడే మిథైల్ ఎర్గోమెట్రిన్‌ను విటమిన్ కె అనుకుని బిడ్డకు ఇచ్చిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. బిడ్డకు ఫిట్స్ రావచ్చు, ఊపిరి ఆగవచ్చు. రెండూ ఒకే గదిలో, ఒక్కోసారి ఒకే ట్రేలో ఉండే చిన్న యాంపూల్సే. ట్రే అలా సర్దిన వ్యవస్థను ఎవరూ అడగరు. తప్పు జరిగితే మాత్రం ‘అమ్మాయి అజాగ్రత్త’ అంటారు. చదువు పేరుతో, సేవ పేరుతో ఆడపిల్లల చేత సిబ్బంది పని చేయించుకుని, బాధ్యతను మాత్రం వాళ్ల నెత్తిన వేయడం ఎంతవరకు న్యాయం?

మనం అడగాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. విద్యార్థిని సూది వేసేటప్పుడు పక్కన అర్హత గల నర్సు ఉండాలి. తల్లి మందులు, బిడ్డ మందులు వేర్వేరు ట్రేలలో ఉండాలి. ఏ మందు ఎందుకో తల్లికి ముందుగా, ఆమె భాషలో చెప్పాలి. వేసిన వెంటనే కార్డులో రాయాలి. అనుమానంతో ఆగిన విద్యార్థినిని దండించకూడదు.

ఈసారి మీరు బాలింతను చూడబోయినప్పుడు కార్డు అడగండి. బిడ్డకు ఏం వేశారో ఆమెకు చెప్పారేమో అడగండి. తిరిగొచ్చేటప్పుడు ఆ విద్యార్థినిని కూడా పలకరించండి.