పెంచుకున్న బిడ్డ పెద్దవాడయ్యాక
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం లీడరు మాట్లాడిన మాటలు)

నేను పదో తరగతి వరకే చదివాను. మైకు ముందు మాట్లాడటం అలవాటు లేదు కాబట్టి కాగితం మీద రాసుకొచ్చాను. మధ్యమధ్యలో కాగితం వదిలేసి కూడా మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు.

పొదుపులు, బ్యాంకు లింకేజీ, రికవరీ లెక్కలు ముందు మాట్లాడిన అక్క చెప్పేసింది. నేను చెప్పేది పెంచుకున్న పిల్లల సంగతి. ఒళ్లో ఆడుకునే పిల్లల గురించి కాదు. పెంచి, చదివించి, మీసాలొచ్చాక ఇంట్లో గొడవలు మొదలైన పిల్లల గురించి. మా గ్రామ సంఘంలో అలాంటి ఇళ్లు మూడున్నాయి. ఒక్క తల్లి కూడా మీటింగులో నోరు తెరిచి చెప్పలేదు. వాయిదా ఆగిపోతే ఎందుకు ఆగిందని ఇంటికి వెళ్లాక తెలిసింది.

అందులో ఒకటి మా పెద్దమ్మ ఇల్లే. నన్నిచ్చింది కూడా ఆ ఊరికే, మా సంఘంలోనే ఆమె సభ్యురాలు. ఆమెనీ, తమ్ముడినీ ఇద్దర్నీ అడిగే ఇక్కడ చెప్తున్నాను.

పెద్దమ్మకి పెళ్లయి పదకొండేళ్లయినా పిల్లలు లేరు. పెదనాన్న తమ్ముడికి మూడోవాడు పుట్టినప్పుడు, ఇరవై ఒకటో రోజున పెద్దల ముందు బిడ్డని తీసుకొచ్చి పెద్దమ్మ ఒడిలో పెట్టారు. అందరం భోజనాలు చేశాం. కాగితం ఏమీ రాసుకోలేదు. అన్నదమ్ముల మధ్య కాగితమేంటి అన్నారు. బడిలో, ఆధార్‌లో పెద్దమ్మ, పెదనాన్న పేర్లే అమ్మానాన్నలుగా రాయించారు. కన్నతల్లి రెండు వీధుల అవతలే ఉండేది. వాడు ఆమెను పిన్నీ అని పిలిచేవాడు. ఊరంతటికీ తెలుసు, వాడికొక్కడికే తెలియదు.

వాడికి పదిహేడేళ్లప్పుడు పెదనాన్న పోయాడు. తలకొరివి వాడే పెట్టాడు. పెద్దకర్మ రోజు పొలం గట్టు మాట వచ్చింది. వాడిని కన్న తండ్రి నలుగురిలో లేచి, "వాడు నా కొడుకే కదా, ఆ ఎకరం నర ఎటు తిరిగినా మా ఇంటికే వస్తుంది" అన్నాడు. గుండు చేయించుకుని విస్తరి ముందు కూర్చున్న పిల్లాడు ఆ మాట విన్నాడు. అలా తెలిసింది వాడికి.

ఆ తర్వాత నాలుగు నెలలు వాడు పెద్దమ్మని అమ్మా అనలేదు. పిన్ని ఇంటికి వెళ్లి కూర్చునేవాడు. అక్కడున్న ఇద్దరన్నలు, వీడు వాటా అడుగుతాడేమోనని మొహం తిప్పుకునేవారు. ఇంటర్ మానేశాడు. తాగుడు, ఆ తర్వాత ఫోన్‌లో పందేలు. పెద్దమ్మ చెవిదిద్దులు పోయాయి, పాడిగేదె పోయింది, సంఘంలో గేదె కోసం తీసుకున్న అప్పు కూడా అటే పోయింది. మూడు వాయిదాలు ఆగాక మేం నలుగురం వెళ్లాం. చేయి వాచిపోయి ఉంది. ఏమైందంటే బావి గట్టు మీద జారానంది. మా ఊళ్లో బావులు పూడ్చేసి ఎన్నేళ్లయిందో! మేమూ నవ్వలేదు, ఆమే కాసేపటికి ఏడ్చింది.

ఊళ్లో అప్పుడు వినిపించిన మాట ఒక్కటే. "పరాయి బిడ్డ పరాయి బిడ్డే, పెంచితే మాత్రం రక్తం మారుతుందా?" అక్కలారా, ఈ మాట మనలో చాలామంది అంటాం. వాడు సొంత మరిది కొడుకు, ఆ ఇంటి రక్తమే. మరి రక్తం ఏం కాపాడింది? మా సంఘం ముందుకొచ్చిన ఇంటిగొడవల్లో ఎక్కువ కన్నకొడుకులవే. వాళ్లు తాగినప్పుడు స్నేహితులు చెడగొట్టారంటాం, పెళ్లి చేస్తే బాగుపడతాడంటాం. పెంచుకున్నవాడు తాగితే మాత్రం పుట్టుక మీదకి పోతాం. యశోదకి దండం పెట్టేది మనమే, ఇంటి పక్కనున్న యశోదని "నీకేం తెలుసు కన్నకడుపు బాధ" అనేదీ మనమే.

వాడి కడుపులో ఉన్న బాధ వేరే. ఒకరోజు మా అరుగు మీద కూర్చుని నన్నడిగాడు. "అక్కా, ముగ్గురు పుట్టారు కదా, నన్నే ఎందుకిచ్చేశారు?" నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు చెప్పాల్సిన మనిషి రెండు వీధుల అవతల ఉంది. జెండర్ కమిటీ అక్కలు ఇద్దరు, నేను కలిసి ఆ పిన్నిని పెద్దమ్మ ఇంటికి తీసుకొచ్చాం. మగవాళ్లని ఎవర్నీ పిలవలేదు. ఆమె మొదట మాట్లాడలేకపోయింది. తర్వాత చెప్పింది: ఆ ఏడాది పంట పోయింది, ఇద్దరికే పాలు చాలటంలేదు, అక్క ఏడుపు రోజూ చూసేదాన్ని, ఒకే ఇంటిలో ఉంటావు కదా అనుకున్నా అని. "మళ్లీ నన్ను చూడాలనిపించలేదా?" అన్నాడు. "నువ్వు బడికెళ్లే టైముకి రోజూ గుమ్మంలోకి వచ్చి నిలబడేదాన్నిరా" అంది. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. లేచి వెళ్లేటప్పుడు పెద్దమ్మని, "అమ్మా, అన్నం పెట్టు" అన్నాడు.

సినిమాలో అయితే ఇక్కడ శుభం కార్డు పడుద్ది. మా ఇంట్లో పడలేదు. నెల తిరక్కుండా మళ్లీ తాగాడు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే మందులు రాశారు, రెండుసార్లు మధ్యలో మానేశాడు. తాగుడు మానాలనుకునేవాళ్లకి 14446 నంబరు ఉంది, మనసు బాగాలేనివాళ్లకి టెలీ మానస్ 14416 ఉంది, డబ్బులు పడవు, టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు. బాధలో ఉన్న బిడ్డే కాదు, తల్లి కూడా చేసుకోవచ్చు. పెద్దమ్మ చేసింది.

చిన్నప్పుడే చెప్పేస్తే ఏ గొడవా ఉండదని కూడా నేను అనను. మా ఊళ్లోనే ఇంకో అక్క, సర్కారు పద్ధతిలో శిశుగృహం నుంచి పాపను తెచ్చుకుంది. నాలుగైదేళ్ల నుంచే కథలాగా చెప్తూ వచ్చింది. అయినా ఆ పిల్ల ఇరవయ్యో ఏట బాగా కుంగిపోయింది, చేతి మీద కోసుకుంది. తేడా ఏంటంటే, ఆ పిల్ల తల్లి దగ్గరికే వచ్చి చెప్పుకుంది. నన్ను కన్నామె ఎవరో తెలుసుకోవాలని ఉందమ్మా అని అడిగింది. అలా వచ్చిన పిల్లలు పద్దెనిమిదేళ్లు నిండాక తమ మూలాల గురించి తామే అర్జీ పెట్టుకోవచ్చు. కన్నవాళ్లు తమ వివరాలు చెప్పొద్దంటే చెప్పరనుకోండి, అయినా అడిగే హక్కుంది. ఆ అక్కకి భయమేసింది, పిల్ల వెళ్లిపోద్దేమో అని. అయినా అర్జీ పెట్టడానికి తనే పిల్లని వెంటబెట్టుకుని వెళ్లింది. నాకు ఆ అక్క మీద చాలా గౌరవం.

ఇప్పుడు ఆస్తి సంగతి. మా తమ్ముడి గొడవలో సగం దీనిదే. పెదనాన్న తమ్ముళ్లు ఒకరోజు నువ్వు మావాడివేనంటారు, ఇంకోరోజు కాగితం లేదు కాబట్టి నీకు గజం రాదంటారు. వాడేమో పెద్దమ్మని, ఇప్పుడే నా పేరున రాయి అని కొట్లాడేవాడు. నా ఉద్దేశంలో అది ఆశ కాదు, భయం. ఒకసారి ఇచ్చేసినవాళ్లు మళ్లీ వదిలేస్తారేమో అన్న భయం.

మండల లీగల్ క్యాంపులో వకీలమ్మ చెప్పినవి నాకు అర్థమైనంత వరకు చెప్తాను. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం పదిహేనేళ్లు నిండని బిడ్డనే మామూలుగా దత్తత తీసుకోవాలి. కన్నవాళ్లు ఇవ్వటం, పెంచేవాళ్లు తీసుకోవటం నిజంగా జరగాలి. ఒకసారి జరిగిన దత్తత రద్దు కాదు. కొడుకు తాగుతున్నాడని "నువ్వు నా కొడుకువి కాదు" అని తల్లి అన్నా చెల్లదు, బాబాయిలు అన్నా చెల్లదు. కన్నకొడుక్కి ఉన్న హక్కే ఉంటుంది. రిజిస్టరు కాగితం ఉంటే కోర్టు దత్తత జరిగిందనే అనుకుంటుంది. లేకపోతే సాక్షులతో రుజువు చేసుకోవాలి, అది ఏళ్ల పని. దత్తత లేకుండా ఊరికే తెచ్చి పెంచుకుంటే వారసత్వం రాదు, వాళ్లకి ఇవ్వాలనుకుంటే వీలునామా రాయాల్సిందే. ఇంకోమాట, ఆసుపత్రి దగ్గరో ఎవరి దగ్గరో బేరమాడి బిడ్డని తెచ్చుకుంటే అది కొనటమే. 2015 చట్టంలో దానికి ఐదేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా ఉంది.

పెద్దమ్మ అయితే ప్రేమ కొద్దీ ఎకరం నర మొత్తం వాడికి దానపత్రం రాసేస్తానంది. మేం ఒప్పుకోలేదు. రాసిన మర్నాడు అది పందేల్లో పోతే ఆమె ఎక్కడుంటుంది? వీలునామా రాయించాం. ఆమె ఉన్నన్నాళ్లు ఆమెది, తర్వాత వాడిది. దాన్ని వాడి చేతికిచ్చి చదవమన్నాం. "మా కుమారుడు" అని రాసున్న లైను దగ్గర ఆగి రెండుసార్లు చదివాడు. పొలం గొడవ ఆ రోజుతో తగ్గింది. తాగుడు మాత్రం ఆ రోజుతో తగ్గలేదు.

దానపత్రమే రాయాలనుకునేవాళ్లు, నన్ను పోషించాలి, వైద్యం చేయించాలి అనే షరతు అందులో కచ్చితంగా రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో అరవై దాటినవాళ్లు అలా షరతుతో రాసిన ఆస్తిని, చూడకపోతే వెనక్కి తీసుకోవచ్చు. ఆ చట్టంలో తల్లిదండ్రులంటే పెంచుకున్న తల్లి, తండ్రి కూడా. ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవాలి. ఆ తల్లి వెళ్లలేకపోతే, ఆమె రాసిస్తే సంస్థ తరఫున కూడా పెట్టొచ్చు. అంటే మన గ్రామ సంఘం పెట్టొచ్చు. ఇది మనలో చాలామందికి తెలియదు.

చేయి చేసుకుంటే మాత్రం సర్దుకుపొమ్మని ఏ తల్లికీ చెప్పొద్దు. కన్నా, పెంచినా దెబ్బ దెబ్బే. 2005 గృహహింస చట్టంలో దత్తత అనే మాట కూడా రాసే ఉంది, కొడుకు మీద కూడా పెట్టుకోవచ్చు. 181కి చేయొచ్చు, ప్రాణం మీదకొస్తే 112. మా తమ్ముడికి ఆ మాట ఎదురుగానే చెప్పాను. "నువ్వు మా వాడివే. అమ్మ మీద ఇంకోసారి చేయెత్తితే కేసు పెట్టేది కూడా మేమే" అని. ఆ రాత్రి పెద్దమ్మని మా ఇంట్లోనే పడుకోబెట్టుకున్నాను. అలా పదిహేను రోజులున్నది.

ఇప్పుడు వాడు ఊళ్లో ట్రాక్టరు మీదకి వెళ్తున్నాడు. కొన్ని వారాలు బాగుంటాడు, ఒక వారం బాగుండడు. ఆగిన వాయిదాల్లో రెండు కట్టారు, ఒకటి వాడే తెచ్చిచ్చాడు. మూడోది ఇంకా ఉంది. సంఘం దాన్ని నెలకి కొంచెంగా కట్టుకోమని తీర్మానం రాసింది, పెద్దమ్మని సంఘం నుంచి తియ్యలేదు.

సమాఖ్యకి నా విన్నపం ఒకటి. వాయిదా ఆగిన ఇంటికి వెళ్లినప్పుడు పుస్తకంతో పాటు జెండర్ కమిటీ అక్క ఒకరు కూడా రావాలి. ఆర్డీవో అర్జీ ఎలా రాయాలో ప్రతి గ్రామ సంఘంలో ఇద్దరికైనా నేర్పించాలి. మన ఊళ్లలో పెంచుకున్న పిల్లలున్న అక్కలకి నేను చెప్పేది, బిడ్డకి ఇంకా తెలియకపోతే ఈ ఏడాదే, మీ నోటితోనే చెప్పండి. ఎలా చెప్పాలో తెలియకపోతే మా ఊరు రండి, పాపను తెచ్చుకున్న ఆ అక్క దగ్గర కూర్చోబెడతాను. రమ్మని చెప్పమని ఆమే అంది.

సీసీ గారు గడియారం చూపిస్తున్నారు.