కదలని విద్యుత్ స్కూటరు

మా యింటి విద్యుత్ స్కూటరు వర్షాకాలమున ఒకనాటి ఉదయము మొరాయించినది. తాళము త్రిప్పగా మీటరు వెలిగినది, హారను మ్రోగినది, బ్యాటరీ నిండుగా నున్నట్లు గీతలు కనబడినవి. ఎక్సలేటరు ఎంత త్రిప్పినను చక్రము మాత్రము కదలలేదు. మా మరదలు ఆరు కిలోమీటర్ల దూరమున నున్న అంగన్‌వాడీ కేంద్రమునకు ఆ బండిమీదనే పోవలెను. ఆ దినమున ఆటో దొరకక ఆమె సగము దారి నడచిపోయినది.

మరమ్మతు దుకాణమునుండి వచ్చిన మనిషి ఐదు నిమిషములు చూచి, కంట్రోలరు పోయినది, మార్చవలెనని చెప్పినాడు. అతడు చెప్పిన వెల ఆమె నెల వేతనములో సగమునకు మించి యున్నది. మేము ఒక్కదినము గడువు అడిగితిమి.

పెట్రోలు బండి ఆగినచో ప్లగ్గు తీసి తుడుచుట మనకందరకు అలవడిన విద్య. ఈ బండికి తుడుచుటకు ప్లగ్గు లేదు, తన్నుటకు కిక్కు లేదు. కావున అది ఆగినంతనే మన చేతులును ఆగిపోవుచున్నవి. నిజమునకు దీని నడక సులభమైనదే. బ్యాటరీనుండి వచ్చిన విద్యుత్తును, ఎక్సలేటరు త్రిప్పిన మేరకు, కంట్రోలరు అను పెట్టె మోటారునకు పంపును. అయితే పంపుటకు ముందు అది కొన్ని సంగతులు విచారించుకొనును. బ్రేకు పట్టియున్నదా? పెక్కు బండ్లలో, ప్రక్కస్టాండు దిగియున్నదా? ఏ యొక్కదానికి ఔనని జవాబు వచ్చినను చక్రమును తిరుగనీయదు. ఇది మన ఎముకల క్షేమముకొరకు చేసిన ఏర్పాటు.

సాయంకాలము మేము స్టాండు పరీక్షించుచుండగా, వెనుక నిలిచియున్న మా తమ్ముని కూతురు, ఎనిమిదేండ్ల పిల్ల, "పెదనాన్నా, ఎవ్వరూ బ్రేకు పట్టలేదు గదా, ఎర్రదీపము వెలుగుతున్నదేమి?" అని అడిగినది.

అదియే రోగము. బ్రేకు లివరు మొదటనున్న చిన్న స్విచ్చులోనికి వాననీరు చొరబడి అది బిగిసిపోయినది. లివరు వదలినను, పట్టియున్నట్లే కంట్రోలరునకు కబురు పంపుచున్నది. స్విచ్చును విప్పి, తుడిచి, ఆరబెట్టితిమి. బండి కదలినది. మరునాడు క్రొత్త స్విచ్చు వేయించితిమి. దాని వెల ఒకపూట ఆటో బాడుగను మించలేదు.

ఎర్రదీపము ఆరియుండి, స్టాండు ఎత్తియుండి కూడ కదలనిచో, ఎక్సలేటరు తీగెల కలయిక తడిసినదేమో చూచి, పిదప బ్యాటరీవైపు మరలవలెను. మీటరు గీతలను నమ్మరాదు. నీరసించిన బ్యాటరీ కూడ నిలిచియున్నపుడు నిండు వోల్టేజి చూపును. బరువు పడగనే కూలబడును. సీసపు బ్యాటరీల బండ్లలో 12 వోల్టులవి నాలుగైదు గొలుసుగా కలిపియుండును. బండి ఆగిన వెంటనే మల్టీమీటరుతో ఒక్కొక్కదానిని విడిగా కొలిచినచో, మూడు 12.4 చూపి నాల్గవది 10.5 చూపవచ్చును. ఒక్కొక్క బ్యాటరీలో రమారమి 2 వోల్టుల గదులు ఆరుండును. వానిలో ఒకటి చచ్చియుండునని దాని అర్థము. గొలుసులో ఒక్కటి చెడినను బండి యంతయు ఆగును. అట్లని మూడేండ్లు వాడిన బ్యాటరీల నడుమ ఒక్క క్రొత్తదానిని చేర్చుట మాకు సమ్మతము కాదు. పాతవానితో సమముగా చార్జి ఎక్కక, అదియు త్వరలోనే చెడును.

దీపము, హారను ఏవియు పలుకనిచో ముందుగా ఎంసీబీ పడిపోయినదేమో చూడుడు. ఎత్తినకొలది పడుచున్నచో మరల ఎత్తకుడు. తీగె ఎక్కడనో ఒరసికొనుచున్నదన్నమాట.

లిథియం బ్యాటరీ పెట్టెను మాత్రము ఇంటిలో విప్పరాదు. అందులో కాపలాగా నున్న సర్క్యూటు ప్రమాదమును పసిగట్టి విద్యుత్తును ఆపియుండవచ్చును. దానిని తప్పించి వేరు తీగెతో కలుపుదమనుట ప్రాణాపాయము. పెట్టె ఉబ్బినను, ఘాటైన వాసన వచ్చినను, దగ్గరకు పోక, గోడవద్దనే చార్జరు స్విచ్చు ఆపి, పిల్లలను దూరముగా తీసికొనిపోవలెను.